సగమే పడిన ముహూర్తం

పెళ్ళి ఫోటోలు తీయడం మానేసి నాకు చాలా కాలమే అయింది. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి విసుగు. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా దిగిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీరు తీసిన పెళ్ళిళ్ళలో అన్నిటికన్నా బాగా వచ్చింది ఏది?" అని అడిగింది. ఎంత ఆలోచించినా ఒక్కటీ విడిగా గుర్తు రాలేదు. బాగా వచ్చినవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చెడిపోయిందైతే ఒకటి ఉంది. చెడిపోయింది పెళ్ళి కాదు, నేను తీసిన ఫోటోలు. ఆ అమ్మాయికి అదే చెప్పాను. కొంచెం నిరాశపడినట్టే కనిపించింది. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మాది నాలుగు తరాల కిందట మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. బళేపేట సందులో ఒక స్టూడియోలో నేను మొదట చేరింది ఫోటోలు తీయడానికి కాదు. నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు దిద్దే పనికి. ముఖం మీది మొటిమలూ, కళ్ళ కింది నలుపూ నా చేతి కింద పోయేవి. అయిదారేళ్ళు ఆ పని చేశాక ఓనరు నా చేతికి కెమెరా ఇచ్చాడు. పెళ్ళికూతుళ్ళ గదిలోకి మగవాళ్ళను రానివ్వని కుటుంబాలు చాలా ఉండేవి. ఆ గదుల కోసం నన్ను పంపేవాడు. జడ వేయడం, గాజులు తొడగడం, పారాణి పెట్టడం వరకు నేను. పెళ్ళికూతురు గది దాటి పీటల మీదికి వచ్చిందంటే ఆమె ఇక ఓనరు కెమెరాలోకి వెళ్ళిపోయేది.

ఆయనది యాభై దాటిన వయసు. మితభాషి. "ముహూర్తం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ పోతే మిగతా రోజంతా తీసినవి ఎవరికీ అక్కర్లేదు," అనేవాడు. ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేను ఒకటి రెండుసార్లు అడిగాను. "చూద్దాంలేమ్మా," అన్నాడు. స్టూడియోలో మిగతా మగవాళ్ళు నవ్వుకున్నారు. వీడియో తీసే అతను మాత్రం నవ్వలేదు. నాకంటే కొంచెం చిన్నవాడు, నోటి నిండా మాటలు. "ఒక పొద్దు నీకే వస్తాదిలే అక్కా," అనేవాడు.

వచ్చింది. తొంభైల మధ్యలో, ఒక డిసెంబరు మొదట్లో.

పెళ్ళికి పది రోజుల ముందు పెళ్ళికూతురి తండ్రి స్టూడియోకి వచ్చాడు. ఆనేకల్‌లో పట్టుచీరలు నేసే మనిషి. భార్య మోచెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. కూర్చోబెట్టగానే మా స్టూడియో నమూనా ఆల్బమ్ ఒకటి తీసుకుని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నాడు. అలా పేజీ పేజీ చూశాడు. ఒక్కో ఫోటో మీద కళ్ళు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవి.

"నా కండ్ల సంగతి మీకు ముందే చెప్పాల సామీ," అన్నాడు ఓనరుతో. "జానెడు దూరంలో ఉంటే దారం పురి కూడా అవుపిస్తాది. అది దాటితే అంతా పొగే. డాక్టర్లు ఉన్నది కూడా పోతాదంటా ఉండారు. పెండ్లిలో నేను పాప పక్కనే ఉంటాను గానీ, తాళి పడేటప్పుడు ఆమె ముఖం నాకు కనపడదు. మీరు తీసిన ఫోటోలోనే చూసుకోవాల. పెద్దదిగా చేసియ్యండి."

"ముహూర్తం నేనే తీస్తాను. మీకేం భయం వద్దు," అన్నాడు ఓనరు.

ఆయన భార్య మధ్యలో అందుకుంది. "చీర కూడా బాగా పడాల. ఈయప్పే నేసినాడు. నాలుగు నెల్లు పట్టింది. ఇంక మగ్గం ఎక్కనన్నాడు."

పెళ్ళి జరిగిన చోటు ఆనేకల్ వెళ్ళే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది. పాళెగాళ్ళ కాలంలో కట్టిన పెద్ద ఇల్లు. చుట్టూ నాలుగు వసారాలు, నునుపు తేలిన టేకు స్తంభాలు, మధ్యలో ఆకాశానికి తెరిచిన రాతి మండువా. కిటికీలు మనిషి తల పట్టేంతే. ఆ కుటుంబం వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోతే, ఒక ట్రస్టు వాళ్ళు దాన్ని పెళ్ళిళ్ళకు ఇస్తున్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళకు పెళ్ళికూతురి ముత్తాత చీరలు నేసిచ్చేవాడట. తన కూతురి పెళ్ళి అక్కడే జరగాలని ఈయన పట్టుబట్టాడు. సిటీలో మంచి కల్యాణ మంటపం దొరుకుతుందని మగపెళ్ళివారు చెప్పినా వినలేదు.

ముందు రోజు సాయంత్రం నుంచే వాన పట్టుకుంది. మద్రాసు తీరంలో వాయుగుండమట. బెంగళూరులో అలాంటి వాన గట్టిగా కురవదు, ఆగదు కూడా. చలి ఎముకలకు తగులుతుంది. మేము వ్యాను దిగేసరికి ఆడవాళ్ళు పట్టుచీరల మీద స్వెటర్లు వేసుకుని తిరుగుతున్నారు. రాతి మండువా నడుమ వాన నిలువుగా పడుతోంది. అక్కడ వేయాల్సిన పందిరిని రాత్రికి రాత్రే తూర్పు వసారాలోకి మార్చారు. మిగతా మూడు వసారాల్లో జనం. అంటే పెళ్ళి చూడాలంటే వానలోంచి చూడాలి. నాకు అది చాలా అందంగా అనిపించింది. ఫోటోకి ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

ముహూర్తం రాత్రి. ఓనరు ఆ వేళకు స్కూటరు మీద వస్తానన్నాడు. నేను పెళ్ళికూతురి గదిలో పని ముగించుకుని వచ్చేసరికి ఆయన ఇంకా రాలేదు. ఇంకో అరగంట గడిచింది. హోసూరు రోడ్డు మీద చెట్టు పడి బండ్లన్నీ ఆగిపోయాయని తడిసి వచ్చిన చుట్టాలు చెప్పారు. వీడియో అతను నా వైపు చూశాడు. నేను ఫ్లాషులో బ్యాటరీలు మార్చుకున్నాను. భయం వేసిందని చెప్పలేను. నాలో ఏదో ఒక భాగం ఆ చెట్టుకు దండం పెట్టుకుంది.

పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నారు. వీడియో దీపాలు వెలిగించగానే గోడలోని పాత ఫ్యూజు పెట్టెలోంచి ఒక్క మెరుపు, కాలిన వాసన. ఇల్లంతా చీకటైంది. గోడ వెంబడి నీళ్ళు దిగి లోపలి తీగలను తడిపాయి. ఎవరో జనరేటరు అన్నారు. ఆ వానలో, ఆ రోడ్డులో అది వచ్చే దారి లేదు. పురోహితుడు తన చేతి గడియారాన్ని దీపపు సెమ్మె దగ్గరికి వంచి చూసుకుని, "కరెంటు వచ్చేదాకా ముహూర్తం నిలబడదు," అన్నాడు.

"అక్కా, నా క్యాసెట్టులో వాన చప్పుడు తప్ప ఏమీ పడదు," అన్నాడు వీడియో అతను నా చెవి దగ్గర. "ఇంక నీదే."

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి. ఆ కాలపు మా కెమెరాలో ఫ్లాషు వాడితే షట్టరు వేగం చూపే ముల్లు అరవై దగ్గర ఉండాలి. అది దాటితే ఫిల్ము ముందు తెర పూర్తిగా తెరుచుకోకముందే ఫ్లాషు వెలిగి ఆరిపోతుంది. తెరుచుకున్నంత మేరే బొమ్మ పడుతుంది. మిగతాది చీకటి. ఇది ఈ పనిలో మొదటి రోజు నేర్చుకునే పాఠం.

నేను చూరు కింద నిలబడి ఉన్నాను. కెమెరా మీద నాలుగైదు చుక్కలు పడ్డాయి. లెన్సు మీద పడిందేమోనన్న కంగారులో చీర కొంగుతో కెమెరాను గట్టిగా తుడిచాను. ముల్లు అప్పుడు జరిగింది. నేను చూసుకోలేదు.

తర్వాత బాజాలు మోగాయి. నేను తీశాను. ఒక్క వణుకు లేకుండా, కంగారు లేకుండా తీశాను. ఫ్లాషు వెలిగిన ప్రతిసారీ వసారా అంతా తెల్లగా మెరిసి, వాన చుక్కలు గాలిలో ఆగినట్టు కనిపించేవి. పెళ్ళికొడుకు చేతులు వణకడం చూశాను. రెండో ముడి వేసేటప్పుడు అతను నాలుక కొరుక్కోవడం చూశాను. అంత దగ్గరగా, అంత సరైన చోట నిలబడి మా ఓనరు కూడా తీసి ఉండడనుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రోలు అయిపోయింది. కొత్తది వేసుకోవడానికి స్తంభం చాటుకు వెళ్ళాను. అలవాటు ప్రకారం అన్నీ సరిచూసుకుంటూ ముల్లు దగ్గరికి వచ్చాను. అది అరవై మీద లేదు. నూట ఇరవై ఐదు మీద ఉంది.

తరవాతి పది నిమిషాల గురించే నేను ఇదంతా రాస్తున్నాను. ముల్లు జరగడం పెద్ద తప్పేమీ కాదు. ఎవరికైనా జరుగుతుంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇంకా పీటల మీదే ఉన్నారు. "అయ్యగారూ, ఫోటో కోసం ఒక్కసారి తాళి పట్టుకోమనండి," అంటే చాలు. ప్రతి పెళ్ళిలోనూ ఫోటోగ్రాఫర్లు అడిగే మాటే అది. పురోహితుడు విసుక్కుంటాడు, జనం నవ్వుతారు, పని అయిపోతుంది. నేను అడగలేదు. ముల్లు చివరిలో, రోలు తీసేటప్పుడే జరిగి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మొదటిసారి ముహూర్తం చేతికొస్తే చెడగొట్టిందని స్టూడియోలో నవ్వే ముఖాలు ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకు వచ్చాయి. ముల్లు అరవైకి తిప్పుకున్నాను. కొత్త రోలు వేసుకున్నాను. పాపిట్లో కుంకుమ పెట్టడం, తలంబ్రాలు తీశాను.

భోజనాల వేళకు ఓనరు వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. "పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నాను సార్," అన్నాను.

ల్యాబు నుంచి నెగెటివ్‌లు రెండు రోజులకు వచ్చాయి. నెగెటివ్‌లో చీకటి తెల్లగా ఉంటుందని మీలో కొందరికి తెలియకపోవచ్చు. ముహూర్తం రోలులో ప్రతి బొమ్మలోనూ సగం భాగం గాజులా తెల్లగా, ఖాళీగా ఉంది. మిగిలిన సగంలో పెళ్ళికూతురు ఉంది. పెళ్ళికొడుకు ఒక్కదానిలోనూ లేడు. తాళి కట్టే బొమ్మలో చీకట్లోంచి రెండు చేతులు వచ్చి ఆమె మెడ దగ్గర ఆగి ఉన్నాయి.

ఓనరు దీపపు బల్ల మీద చాలాసేపు వాటిని చూశాడు. నన్ను తిట్టలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"ఇప్పుడే సార్," అన్నాను. అది రెండో అబద్ధం.

ఆయనకు దారి వెంటనే తట్టింది. రెండో రోలులో పెళ్ళికొడుకు కుంకుమ పెడుతున్న ఫోటోలు బాగానే వచ్చాయి. చేతులు ముందుకు చాచి ఉన్నాడు. ఆ సగాన్ని ఈ సగానికి అతికించి, మళ్ళీ ఫోటో తీసి, పెద్ద ప్రింటు వేస్తే తాళి కట్టినట్టే ఉంటుంది. "దిద్దే పనిలో నిన్ను మించినవాళ్ళు లేరు. నువ్వే చెయ్యి," అన్నాడు. నేను సందేహిస్తుంటే, "ఆయనకు కనిపించేదే అంతంత మాత్రం. సంతోషంగా చూసుకుంటాడు. ఎవరికి నష్టం?" అన్నాడు.

చేశాను. మూడు రోజులు కూర్చుని చేశాను. బ్లేడుతో కోసి, అంచులు సానబట్టి, అతికించి, సన్నటి కుంచెతో గీత కనిపించకుండా దిద్దాను. నేను జీవితంలో చేసిన అతి మంచి దిద్దుడు అదే. వీడియో అతను కూడా చూసి, "ఎక్కడ అతికినావో నాకే తెలీలే అక్కా," అన్నాడు.

ఆ ప్రింటు తీసుకుని ఆనేకల్ వెళ్ళాల్సింది కూడా నేనే అయింది. మామూలుగా ఆల్బమ్ కోసం వాళ్ళే స్టూడియోకి వస్తారు. ఆయన కళ్ళ వల్ల మేమే తెచ్చిస్తామని ఓనరు మాట ఇచ్చాడు. బస్సు ఎక్కేటప్పుడు సంచిలో పెద్ద ప్రింటుతో పాటు సగం సగం పడిన ఫోటోల కవరు కూడా పెట్టుకున్నాను. వాటిని స్టూడియోలో వదిలి రావాలనిపించలేదు. అంతకు మించి ఏ ఆలోచనా లేదు.

ఇల్లు చిన్నది. ముందు గదిలో సగం మగ్గమే. దాని మీద దారం లేదు, ఒక దుప్పటి మడిచి పెట్టి ఉంది. పెళ్ళికూతురి తల్లి కాఫీ ఇచ్చింది. ఆయన ప్రింటు తీసుకుని వాకిట్లో వెలుతురుకు కూర్చున్నాడు. చేతిలో భూతద్దం. మొదట కూతురి ముఖం దగ్గరికి పోయాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

"మా అమ్మ పోలికే," అన్నాడు భార్యతో. "ఇన్నేండ్లూ నీ పోలిక అంటా ఉంటి."

ఆమె నవ్వింది. నేను కాఫీ తాగుతున్నాను. ఇంకో అయిదు నిమిషాల్లో బస్సుకు బయల్దేరవచ్చనుకున్నాను.

భూతద్దం ముఖం నుంచి భుజానికి, భుజం నుంచి పీట మీద పరుచుకున్న చెంగుకు దిగింది. అంచు వెంబడి నెమ్మదిగా నడిచింది. ఒక చోట ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్కపెడుతున్నాడు.

"ఇదేంది?" అన్నాడు.

"ఏమైంది?" అంది భార్య.

"నెమలికీ నెమలికీ నడుమ మూడు రుద్రాక్షలు ఉండాల. ఈడ ఒకటే ఉండాది." ఆయన వేలితో మళ్ళీ లెక్కపెట్టాడు. "డిజైను అట్ట తప్పినాను. మగ్గం మీద అట్ట తప్పినాను నేను. పాప పెండ్లి చీరలో."

"అట్లేం కాదు, సరిగ్గా చూడు."

"ఏం చూసేది! కనపడతా ఉంది గదా. నాలుగు నెల్లు ఒక్కొక్క పోగు ముక్కు దగ్గర పెట్టుకుని నేసినాను. అయినా తప్పినాను. అంతమంది ముందర తప్పు చీర కట్టించినాను బిడ్డకు." భూతద్దాన్ని నేల మీద పెట్టేశాడు. "పాప అత్తోళ్ళకు ఫోన్ చెయ్యి. చీర తిరగ తెప్పిచ్చు. నేను చూడాల."

ఆయన ముఖం అప్పుడు ఎలా ఉందో నేను వర్ణించను. ఏ తప్పూ చేయని మనిషి తానే తప్పు చేశానని నమ్మితే ముఖం అలా ఉంటుందని మాత్రం చెబుతాను. నేను నోరు మూసుకుని ఉండవచ్చు. చీర తెప్పించుకుని చూస్తే నిజం తేలుతుంది గానీ, అప్పటికి నేను బెంగళూరులో ఉంటాను. ఆ ఆలోచన కూడా వచ్చింది. దాచడం ఎందుకు?

"అయ్యా, తప్పు చీరలో లేదు. ఫోటోలో ఉంది," అన్నాను.

అంతా చెప్పాను. చూరు కింద తుడవడం, ముల్లు, రెండు ఫోటోలు కోసి అతికించడం, ఆ అతుకు సరిగ్గా చెంగు అంచు మీదే పడి రెండు రుద్రాక్షలు పోవడం. ఆ రోజు స్తంభం చాటున నాకు తెలిసిపోయిందని కూడా చెప్పాను. ఓనరుకు చెప్పని మాట ఆయనకు చెప్పాను.

ఆయన మొదట అడిగింది ఇది: "అంటే మగ్గం తప్పు కాదు గదా?"

"కాదు."

"చీర సరిగ్గానే ఉండాది?"

"సరిగ్గానే ఉంది."

గుండెల నిండా గాలి పీల్చుకుని గోడకు ఆనుకున్నాడు. ఆయన ఊరుకున్నా భార్య ఊరుకోలేదు. ఊరుకోవలసిన పని కూడా లేదు. "నీ చేతిలో పెట్టినాము గదమ్మా! ఆ పొద్దే నోరు తెరిచి చెప్పింటే మళ్ళా ఒక తూరి పట్టుకోమంటే పట్టుకోరా పిల్లోళ్ళు? ఈయప్ప దానికోసమే గదా ఇన్ని దినాలు ఎదురు చూసింది? కండ్లు లేనోడు, ఏమిచ్చినా సరిపోతాదని అనుకుంటిరా?" అంది. మేము అనుకున్నది అక్షరాలా అదే.

కాసేపటికి ఆమే, పిల్లలిద్దరినీ పిలిపించి, అదే చీర కట్టించి, ఇంట్లోనే మళ్ళీ తీయిద్దామంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వొద్దు. అది తాళి కట్టేది కాదు, కట్టినట్టు చేసేది. దాన్ని చూసి నేనేం చేసుకోను? అసలువి ఉండాయా, పారేసినారా?"

సంచిలోంచి కవరు తీసి ఇచ్చాను. ఆయన మొదటి ఫోటోను కళ్ళకు ఆనించుకున్నాడు. వెలుగున్న సగమంతా చూసి, చీకటి సగం మీద వేలు పెట్టాడు.

"ఈడ ఏముండాది?"

"పెళ్ళికొడుకు."

"అది తెలుసులేమ్మా. నువ్వు కెమెరాలోంచి చూసినావు గదా. నాకంటే బాగా చూసినావు. ఏం జరిగిందో చెప్పు."

అలా మొదలైంది. ఆయన ఒక్కొక్క ఫోటో అందుకోవడం, చీకటి మీద వేలు పెట్టడం, నేను చెప్పడం. పెళ్ళికొడుకు చేతులు వణికాయని చెప్పాను. నాలుక కొరుక్కున్నాడని చెబితే ఆయన గట్టిగా నవ్వాడు. మూడో ముడి ఆడపడుచు వేయబోతే అతను చెయ్యి అడ్డం పెట్టి తానే వేసుకున్నాడన్నాను. "అట్లనా!" అన్నాడు, ఎంతో ఇష్టంగా. అతని పంచె అంచు తడిసిందనీ, వెనక నిలబడ్డ మేనమామ గొడుగు మూయడం మరిచిపోయి ఇంటి లోపలే పట్టుకుని ఉన్నాడనీ చెప్పాను. తల్లి కూడా వచ్చి పక్కన కూర్చుంది. "ఔను, గొడుగు సంగతి నిజమే," అంది. ఆమెకు కోపం తగ్గలేదు. అయినా వింటూ కూర్చుంది.

ఒక ఫోటో దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. అందులో తాళి అప్పుడే మెడ చుట్టూ వచ్చింది. పెళ్ళికూతురు తల కొంచెం పక్కకు తిప్పి, పైకెత్తి ఎటో చూస్తోంది.

"పాప ఎవరి కోసం చూస్తా ఉంది?"

నాకు తెలియదు. ఆ క్షణంలో నేను ఆమె కళ్ళు చూడలేదు, చేతులు చూస్తున్నాను. ఆయన నిలబడ్డ స్తంభం ఆ వైపే ఉందని మాత్రం గుర్తుంది.

"మీ కోసమే," అన్నాను.

ఆయన ఆ ఫోటోను తీసి విడిగా ఒళ్ళో పెట్టుకున్నాడు. మిగతావి చూడటం అయ్యాక, "దీన్ని పెద్దది చేసియ్యి," అన్నాడు.

"సగం చీకటిగా ఉంటుంది."

"ఉండనీ."

మర్నాడు ఓనరుకు అంతా చెప్పాను, స్తంభం చాటు సంగతితో సహా. నేను తిరిగి తెచ్చిన అతుకు ప్రింటును ఆయన అడ్డంగా చించి బుట్టలో వేసి, ఆనేకల్ ఆయన అడిగిన దాన్ని తానే స్వయంగా పెద్దది చేశాడు. తర్వాత రెండేళ్ళకు పైగా నాకు ముహూర్తం ఇవ్వలేదు. మళ్ళీ ఇచ్చాడు. నేను మాత్రం ఆ తర్వాత తీసిన ప్రతి పెళ్ళిలోనూ, ఏ అనుమానం వచ్చినా గట్టిగా అరిచి పెళ్ళి ఆపేదాన్ని. పురోహితుల్లో నాకు మంచి పేరు లేదు.

చాలా ఏళ్ళ తర్వాత, డిజిటల్ కెమెరాలు వచ్చి మా స్టూడియో మూతపడి నేను సొంతంగా పని చేసుకుంటున్న రోజుల్లో, ఒకావిడ ఫోన్ చేసింది. బెళ్ళందూరులో అపార్టుమెంటు కొనుక్కున్నామనీ, గృహప్రవేశానికి ఫోటోలు తీయాలనీ అంది. ఆ పెళ్ళికూతురే. వెళ్ళాను. ఆమె భర్త నన్ను చూడగానే చుట్టుపక్కలవాళ్ళకు పరిచయం చేశాడు: "మా మామ ఇంట్లో నా పెండ్లి ఫోటో ఇంత పెద్దది ఉండాది. అందులో నేనొక్కడే లేను. ఈ మేడమ్ పుణ్యమే." అందరూ నవ్వారు. అతను కోపంగా అనలేదు.

తండ్రి హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. నా గొంతు వినగానే, "కెమెరా అమ్మ!" అని చేతులు చాచాడు. అప్పటికే అపార్టుమెంటు ఆడవాళ్ళు నలుగురు ఆయన చుట్టూ చేరారు. ఆయన వాళ్ళకు పాత పాళెగాళ్ళ ఇల్లు, వాన, చీకటి, పెళ్ళికొడుకు నాలుక కొరుక్కోవడం, ఇంటి లోపల గొడుగు, అన్నీ చెబుతున్నాడు. నేను చెప్పిన వరుసలోనే చెబుతున్నాడు.

పెళ్ళికూతురు నన్ను వంటింట్లోకి పిలిచి కాఫీ కలుపుతూ, "మీరు చెప్పినారంట గదా మేడమ్," అంది. "తాళి కట్టేటప్పుడు నేను నాయన కోసం చూసినానని."

"అవును. చూశావా?"

ఆమె గ్లాసులోకి కాఫీ వంపి, నురగ చూసుకుంటూ, "లేదు," అంది. "పైన చూరు కారతా ఉండె. చీర మీద పడతాదేమోనని దాన్నే చూస్తా ఉంటి. నాయన నేసిన చీర గదా."

"ఆయనతో ఎప్పుడైనా అన్నావా?"

"ఒక తూరి ఆయనే అడిగినాడు. నన్నే చూసినావంట గదా పాపా అని. ఔను నాయనా అంటిని." గ్లాసు నా చేతికిచ్చింది. "మీరు కూడా ఏమీ అనొద్దు."

నేను తల ఊపాను. హాల్లోంచి ఆయన గొంతు గట్టిగా వినిపించింది. "...అప్పుడు, అంతమంది నడుమ, పాప తల తిప్పి నా కోసం చూసింది."

వింటున్నవాళ్ళలో ఎవరో అమ్మాయి, పాపం తెలియక, "అప్పటికి మీకు కళ్ళు బాగానే కనిపించేవా అంకుల్?" అని అడిగింది.

"కనపడకుండా ఏమమ్మా," అన్నాడు ఆయన.